ఆరెంజికి మూడు చప్పట్లు

రెండు వారాల కింద మా అన్న కూతురు ఇంగ్లీషు నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో పెట్టిన ఒక ఇంటూ మార్కు చూశాను. రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఆ వారం ఫోనిక్స్‌లో, అంటే అక్షరాల ధ్వనులు నేర్పే క్లాసులో, వాళ్లకు పండ్ల పేర్లు ఇచ్చారు. ఒక్కో పేరును విడగొట్టి పలుకుతూ చప్పట్లు కొట్టాలి. ఎన్ని చప్పట్లు వస్తే ఆ మాటకు అన్ని సిలబుల్స్ అని పక్కన రాయాలి. యాపిల్‌కు రెండు, బనానాకు మూడు, మ్యాంగోకు రెండు అని రాసింది. అన్నీ రైటే. ఆరెంజ్ పక్కన మూడు అని రాసింది. దానికి ఇంటూ.

ఇంటూ పడ్డందుకు పిల్ల ఏమీ బాధపడలేదు. కానీ టీచర్ దాన్ని నిలబెట్టి, "ఆరెంజి కాదు, ఆరెంజ్. ఊర్లో అన్నట్టు అనొద్దు" అన్నదట. క్లాసంతా నవ్వారట. ఇంటికొచ్చి వాళ్ల నాయినమ్మతో, అంటే మా అమ్మతో, "నువ్వు ఆరెంజి అనకు నాయినమ్మా" అని గట్టిగా చెప్పింది. మా అమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆమెకు అది సంత్ర.

నాకు వెంటనే ఒక సీసా గుర్తొచ్చింది. కాజీపేటలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, హన్మకొండలో ఇంటర్‌లో చేరిన కొత్తలో కెమిస్ట్రీ ల్యాబ్‌లో చూసిన సీసా. అందులో మిథైల్ ఆరెంజ్ అనే ఇండికేటర్, అంటే ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే ద్రవం, ఉండేది. రెండో ప్రాక్టికల్ రోజు నేను "సార్, మిథైల్ ఆరెంజి అయిపోయింది" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకరు "ఆరెంజి అంట" అని సాగదీశారు. అందరూ నవ్వారు, సార్ కూడా. ఆ తర్వాత రెండేళ్లు ఆ సీసా కావాలంటే నోరు తెరవకుండా వేలు చూపించేదాన్ని. పాతికేళ్లు దాటింది, ఇప్పటికీ ఆ మాట పలికే ముందు ఒక్క క్షణం ఆగుతాను. అందుకే ఆ ఇంటూ గురించి రాయాలనిపించింది. మా పిల్ల పెట్టిన లెక్క తప్పు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సిలబుల్ అంటే ఏంటో తెలుగు పిల్లలకు చెప్పడం చాలా తేలిక. నోట్లో ఒక అచ్చు పలికితే ఒక సిలబుల్. మన గుణింతాల్లో ప్రతి అక్షరం ఒక అచ్చును మోస్తూనే ఉంటుంది. పొల్లు హల్లుకు మాత్రం అచ్చు ఉండదు, అది ముందున్న అక్షరానికి ఆనుకుంటుంది. హైస్కూల్లో గురులఘువులు గుర్తించినవాళ్లందరికీ ఇది తెలుసు. పొల్లును విడిగా లెక్కపెట్టం, దాని ముందున్న అక్షరానికి గురువు పెడతాం. 'ఆరెంజ్' అని బోర్డు మీద రాసి గణవిభజన చేయమంటే ఎవరైనా రెండు గురువులు పెట్టి ఊరుకుంటారు. రెండు గురువులు, రెండు చప్పట్లు. 'ఆరెంజి' అని రాస్తే చివర ఒక లఘువు చేరుతుంది. గురువు, గురువు, లఘువు. 'నారింజ' కూడా అచ్చం అంతే, త గణం. యమాతారాజభానస గుర్తున్నవాళ్లు 'తారాజ' పక్కన 'నారింజ' పెట్టి చదివి చూడండి.

మా పిల్ల 'ఆరెంజి' అని పలికింది. దాని నోట్లో మూడు అచ్చులున్నాయి, మూడు చప్పట్లు కొట్టింది. లెక్క నూటికి నూరు శాతం సరిగ్గా పెట్టింది. పలికిన మాట ఇంగ్లీషువాళ్లు పలికే మాట కాదు, అంతే. ఇవి రెండు వేర్వేరు సంగతులు. మొదటి దానికి రైట్ పెట్టి, రెండోది నేర్పాలి. ఆ టీచర్ రెండింటినీ ఒకే ఇంటూ కింద కొట్టేసి, పైగా ఊరిని మధ్యలోకి లాగారు.

పిల్ల చివర 'ఇ' ఎందుకు చేర్చింది? తెలుగు మాట అచ్చుతో ముగియాలని చూస్తుంది కాబట్టి. బస్ వస్తే బస్సు అయింది, పెన్ పెన్ను అయింది, రోడ్ రోడ్డు అయింది. వీటన్నిటికీ చివర ఉకారం చేరింది. మరి బెంచ్ మాత్రం బెంచు కాలేదు, బెంచి అయింది. బ్రిడ్జ్ బ్రిడ్జి అయింది. పేజీ, కాలేజీ, గ్యారేజీ, టార్చి, వాచీ చూడండి. చ, జ లాగా అంగిలి దగ్గర పుట్టే హల్లు చివర వస్తే మన నోరు ఇకారాన్ని పట్టుకుంటుంది. ఇకారం పుట్టే చోటు కూడా అదే కాబట్టి. ఏడేళ్ల పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా ఆరెంజు అనలేదు, ఆరెంజి అన్నది. ఒక భాష లోపలి నియమం ఆ పిల్లలో అంత చక్కగా పనిచేస్తుంటే, దాన్ని చూసి సంతోషించాల్సిన చోట నవ్వడం నాకు నిజంగా బాధ కలిగించింది.

టీచర్ సరైనదని చెప్పిన 'ఆరెంజ్' సంగతి చూద్దాం. బ్రిటన్‌లో పలికేది దాదాపు 'ఒరింజ్'. మొదటి అచ్చు పొట్టిది, నోరు గుండ్రంగా పెట్టి ఊనిక ఇచ్చి, అంటే నొక్కి, పలుకుతారు. రెండోది ఇకారం, తేలిగ్గా వెళ్లిపోతుంది. ఆ పొట్టి గుండ్రటి అచ్చు మన వర్ణమాలలో లేదు. అందుకే మనం దాన్ని ఎక్కడ చూసినా దీర్ఘం చేసి 'ఆ' అంటాం. డాక్టర్, కాఫీ, హాస్పిటల్, ఆఫీసు. ఇక 'రెంజ్' అనే ముక్క స్పెల్లింగ్ చూసి మనం చదువుకున్నది. అంటే టీచర్ చెప్పిన ఆరెంజ్ కూడా మన నోట్లో తయారైన మాటే. తప్పని అనడం లేదు, దేశమంతా అలాగే అంటారు, నేనూ అలాగే అంటాను. కాకపోతే అదీ ఇంగ్లీషును మనకు అనువుగా వంచుకున్న రూపమే, మా పిల్లదీ అంతే.

నారింజలో ఉన్న 'రింజ' మాత్రం బ్రిటిష్ 'ఒరింజ్'కు మన ఆరెంజ్ కన్నా దగ్గరగా ఉంది. ఇంగ్లీషులో ఆ ఇకారం ఊనిక లేని చోట అచ్చు బలహీనపడటం వల్ల వచ్చింది కాబట్టి దీన్నుంచి చరిత్ర ఏదీ తేలదు. కానీ పిల్లలకు నేర్పడానికి మాత్రం ఇంతకన్నా మంచి దారి లేదు. "నారింజ అను. ముందున్న నా తీసేసి ఒ పెట్టు. చివర అచ్చు మింగెయ్." మా ఇంట్లో చేసి చూశాను. మూడోసారికే వచ్చేసింది.

అమెరికాలో చాలామంది ఆ రెండో అచ్చును కూడా మింగేస్తారు. 'ఓర్న్జ్' లాగా వినిపిస్తుంది, ఒకే ఒక్క చప్పట. రెండుగా పలికేవాళ్లూ అక్కడ ఉన్నారు. ఒక్క సిలబులా రెండా అని వాళ్లలో వాళ్లకే వాదన. ఇంగ్లీషు ఊనిక మీద నడిచే భాష. ఊనిక పడిన అచ్చు నిలుస్తుంది, పడనిది నలిగిపోతుంది. చాక్లెట్ స్పెల్లింగ్ చూస్తే మూడు ముక్కలు కావాలి, పలికేటప్పుడు రెండే ఉంటాయి. మన భాష అలా కాదు, ప్రతి అక్షరానికీ దాని కాలం దానికి ఇస్తుంది. జపాన్‌కు వెళితే ఇదే మాట 'ఒరెంజి'. అవును, చివర ఇకారంతోనే. వాళ్ల లెక్కలో సున్న కూడా ఒక మాత్ర కాబట్టి ఒ, రె, న్, జి అని నాలుగు చప్పట్లు కొడతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒకే పండు పేరు, నాలుగు చోట్ల నాలుగు లెక్కలు.

అచ్చులు మింగడం మనకూ తెలుసు. జామపండు నాలుగక్షరాలు. మా వరంగల్ వైపు అది జాంపండు, మూడే. చేసినాడు అనేది చేసిండు అవుతుంది. అమెరికావాళ్లు ఒక అచ్చు మింగితే దాన్ని స్టైల్ అంటాం, నేర్చుకోవడానికి ఫీజులు కడతాం. జాంపండు అన్న పిల్లను మాత్రం సరిగ్గా మాట్లాడమంటాం. రెండు చోట్లా జరిగింది ఒకటే పని. ఒకదానికి గౌరవం, ఒకదానికి నవ్వు ఎందుకు వస్తున్నాయో మనం నిజాయితీగా ఆలోచించాలి. నా మట్టుకు నాకు కారణం ధ్వనిలో కనిపించలేదు. ఎవరు పలుకుతున్నారు అన్న దాంట్లో కనిపించింది.

మా బాపు రైల్వేలో గార్డు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా డ్యూటీ. చలికాలంలో ఆయన తిరిగొచ్చేటప్పుడు చేతిలో గుడ్డ సంచి ఉండేది, నిండా నాగపూర్ సంత్రలు. తొక్క వదులుగా ఉండి చేత్తో ఒలిస్తే ఊడొచ్చేది. తొనలు తిని తొక్కలు పిండుకుంటూ ఒకరి కళ్లలో ఒకరం కొట్టుకునేవాళ్లం. ఆ పండును మేం సంత్ర అన్నాం, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన పక్క క్వార్టర్ వాళ్లు కమలాపండు అన్నారు, స్కూలు పుస్తకం నారింజ అన్నది. ఈ మూడు పేర్లూ ఇంగ్లీషులో ఒక్క ఆరెంజ్‌గా ఎలా అయ్యాయో అప్పుడు అర్థం కాలేదు. ఈ మధ్యే కూర్చుని చూసుకున్నాను. నాగపూర్ సంత్ర మాండరిన్ జాతి. నల్గొండ తోటల నుంచి వచ్చే బత్తాయి, మనం మోసంబి అని జ్యూస్ తాగేది, వృక్షశాస్త్రం ప్రకారం స్వీట్ ఆరెంజ్. అంటే ఇంగ్లీషువాడు పొద్దున గ్లాసులో పోసుకునే ఆరెంజ్ మన బత్తాయికి సొంత తోబుట్టువు. ఇక అసలు నారింజ అంటే పుల్లటిది, పులిహోరకు పిండుకునేది.

ఆ పుల్లటి నారింజే పేరును మోసుకుని దేశాలు తిరిగింది. సంస్కృతంలో నారంగ. దానికి ముందు ద్రావిడ భాషల్లో మూలం ఉందని పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు కూడా రాస్తున్నాయి. తమిళంలో నార్తంగాయ్ ఉంది, మలయాళంలో నారంగ ఉంది, మనకు నారదబ్బ ఉంది. తమిళంలో 'నఱు' అంటే సువాసన, దానికి ముడిపెట్టేవాళ్లున్నారు. ఇక్కణ్నుంచి పర్షియాకు వెళ్లి నారంగ్ అయింది. అరబ్బీలో గకారం లేదు కాబట్టి అక్కడ నారంజ్ అయింది. అరబ్బులు ఆ చెట్టును మధ్యధరా సముద్రం చుట్టూ, సిసిలీకి, స్పెయిన్‌కు తీసుకుపోయారు. స్పెయిన్‌వాళ్లు నకారాన్ని భద్రంగా దాచుకున్నారు, ఇప్పటికీ 'నరాంహ' అంటారు. హంగరీలో నరాంచ్. పోర్చుగీసులో నకారం లకారమై లరాంజ అయింది.

ఇటలీ, ఫ్రాన్స్‌లలో నకారం ఊడిపోయింది. వాళ్ల భాషల్లో పేరుకు ముందు 'ఒక' అని చెప్పే చిన్న మాట వస్తుంది, ఇటాలియన్‌లో 'ఊనా'. ఊనా నరాంచ అని గబగబా అంటే ఆ నకారం ఎవరిదో తెలియదు. ముందు మాటదే అనుకున్నారు, పండుకు అరాంచ మిగిలింది. మనకు ఇది కొత్తేమీ కాదు. వచ్చెన్, అతడు కలిస్తే వచ్చెనతడు. ద్రుతం అనే ఆ చివరి నకారం మీద ఒక పాఠం మొత్తం చదివిన పిల్లలం మనం. మాటల మధ్య నకారం అటూ ఇటూ జారడం మనకన్నా బాగా ఎవరికి అర్థమవుతుంది? ఫ్రెంచిలో బంగారాన్ని 'ఓర్' అంటారు. ఆ బంగారు రంగు పండు పేరు మొదట్లో ఒకారం నిలవడానికి ఆ మాట కూడా తోడైందని చెబుతారు. అలా ఫ్రెంచి 'ఒరెంజ్' 14వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో చేరింది. ఇంగ్లీషులోనే 'నొరెంజ్' అని ఉండి తర్వాత నకారం పోయిందని చాలామంది చెబుతుంటారు, అది సరికాదు. పాము పేరు యాడర్‌కు, ఏప్రన్‌కు ఇంగ్లీషులో నకారం పోయిన మాట నిజం. ఆరెంజ్‌కు మాత్రం ఇంగ్లండ్ చేరకముందే పోయింది.

తియ్యటి పండు ఆ తర్వాత వచ్చింది. పోర్చుగీసు వ్యాపారులు దాన్ని బాగా వ్యాప్తి చేశారు. అందుకే అరబ్బులు తియ్యటి ఆరెంజ్‌ను బుర్తుఖాల్ అంటారు, టర్కీవాళ్లు పోర్తకాల్, గ్రీకులు పోర్తొకాలి. పోర్చుగల్ దేశం పేరే. మన మోసంబికి మొజాంబిక్ పేరు పడ్డట్టు.

రంగుకు ఆ పేరు రావడానికి ఇంకా కాలం పట్టింది. 16వ శతాబ్దం దాకా ఇంగ్లీషులో ఆ రంగుకు విడిగా ఒక మాట స్థిరపడలేదు. పాత ఇంగ్లీషులో 'పసుపు ఎరుపు' అని రెండు మాటలు కలిపి చెప్పేవాళ్లు. రాబిన్ పిట్ట రొమ్ము నారింజ రంగులో ఉన్నా దాన్ని ఎర్ర రొమ్ము పిట్ట అన్నది అందుకే. ఇది చదివినప్పుడు నాకు ల్యాబ్‌లో సీసా మళ్లీ కళ్ల ముందు కనిపించింది. మిథైల్ ఆరెంజ్ ఆమ్లంలో ఎర్రగా ఉంటుంది, క్షారంలో పసుపుగా ఉంటుంది. ఆ రెంటి మధ్య తిరిగే చోట ఆ రంగు కనిపిస్తుంది. పసుపు ఎరుపు. ఆ పేరులో మా వైపు మాట ఒకటి ఉందని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే, నేను రెండేళ్లు వేలు చూపిస్తూ బతికేదాన్ని కాదు.

ఇదంతా మా ఇంట్లో చెబితే మా తమ్ముడు వెంటనే ఫోన్ తీసి "ఆరెంజ్ తెలుగు మాట" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టబోయాడు. ఆపాను. ద్రావిడ మూలం అంటే తెలుగు అని కాదు. తమిళం, మలయాళం, మనది, ఇంకా వీటికి ముందున్న పాత భాష, అందరిదీ కలిసిన ఆస్తి అది. చెట్టు పుట్టిల్లు దక్షిణ చైనా, ఈశాన్య భారతం, బర్మా వైపు కొండలు. మాట ఒక చోటిది, పండు ఒక చోటిది. అన్నీ మావే అని చాటుకోవడం, అన్నీ వాళ్లవే అని తల దించుకోవడం, ఈ రెండిట్లో దేనితోనూ పిల్లకు చదువు రాదు.

మా వదిన నాతో ఒప్పుకోలేదు. "ఇవన్నీ వినడానికి బాగుంటాయి. రేపు ఇంటర్వ్యూలో ఆరెంజి అంటే ఉద్యోగం ఇస్తారా? ఆ టెన్షన్ తల్లిగా నాకుంటుంది" అన్నది. ఆమె మాటను నేను తీసిపారేయను. ఇంటర్వ్యూలో నవ్వేవాళ్లుంటారు, నేను చూశాను, నా మీదే నవ్వారు. పిల్లకు రెండు చప్పట్ల మాట రావాలి, బ్రిటిష్ ఒరింజ్ కూడా రావాలి. నేర్పొద్దని నేను ఎన్నడూ అనను. నేర్పే పద్ధతి గురించే నా పట్టుదల. "నీ మాటలో మూడు అచ్చులున్నాయి, అందుకే మూడు వచ్చింది. ఇంగ్లీషువాళ్లు చివరి అచ్చు పలకరు, అందుకే వాళ్లకు రెండు" అని చెప్పడానికి అర నిమిషం చాలు. అలా చెబితే పిల్లకు బెంచి, బ్రిడ్జి, పేజీ అన్నీ ఒకేసారి అర్థమవుతాయి. ఊరి మాట అంటే ఏమీ అర్థం కాదు, ఆ పలుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఇంటి మీద సిగ్గు మాత్రం మిగులుతుంది. నాయినమ్మను అనొద్దని చెప్పిన పిల్ల గొంతులో నేను విన్నది అదే.

నోట్‌బుక్‌లో ఆ ఇంటూ కింద పెన్సిల్‌తో ఒక మాట రాసి పంపాను. పిల్ల పలికిన మాటకు మూడు సరైన లెక్కేనని, రెండు ఎందుకు కావాలో ఇంట్లో నేర్పించామని, క్లాసులో కూడా ఒకసారి చెబితే మిగతా పిల్లలకు ఉపయోగమని. జవాబు రాలేదు. కింద టీచర్ సంతకం ఉంది, చదివారన్న మాట.

మొన్న ఆదివారం హన్మకొండ చౌరస్తాలో బండి మీద సీతాఫలాలు, సంత్రలు పక్కపక్కనే పోసి ఉన్నాయి. సీతాఫలాల కాలం అయిపోతోంది, సంత్రలు ఇప్పుడే దిగుతున్నాయి. బండి దగ్గరున్న పెద్దమ్మ "ఏం గావాలె బిడ్డా" అని అడుగుతుంటే మా పిల్ల వినలేదు. పెదాలు కదుపుతూ తొడ మీద చేత్తో కొట్టుకుంటున్నది. సీ, తా, ఫ, లం. నాలుగు. తర్వాత కస్, టర్డ్, యా, పిల్. మళ్లీ లెక్కపెట్టుకుంది. నాలుగే. "అత్తా, రెండూ ఒక్కటే!" అని అరిచింది. బండి పెద్దమ్మకు ఏమీ అర్థం కాలేదు, అయినా పిల్ల సంతోషం చూసి చేతిలో ఒక సంత్ర పెట్టింది. ఇంటికి వెళ్లేదాకా స్కూటీ వెనక సీట్లో చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి. దానిమ్మ దగ్గర మూడు, పొమొగ్రనెట్ దగ్గర నాలుగు.